జాలితో కూడా కొనవద్దు: పచ్చ మునియాను కాపాడాలనుకునేవారికి

2011 ఎండాకాలంలో చార్మినార్‌కు దగ్గరలోని పక్షుల అంగడిలో ఆరు మునియాలను మూడు వందల రూపాయలకు కొన్నాను. పెంచుకోవడానికి కాదు, వదిలేయడానికి. అనకాపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినదాన్ని. చెప్పులపెట్టె అంత బోనులో అన్ని పిట్టలు ఒకదాని మీద ఒకటి పడి ఉండటం చూడలేకపోయాను. మా ఇంటి దగ్గరి పార్కులో బోను తలుపు తీశాను. రెండు ఎగిరాయి. నాలుగు నేల మీదే గెంతాయి. వాటి రెక్కల ఈకలు సగానికి కత్తిరించి ఉన్నాయని అప్పుడు చూశాను. మళ్లీ పట్టుకుందామని వంగేలోగా అవి తుప్పల్లోకి దూరాయి. ఆ పార్కులో పిల్లులున్నాయి.

వారం తర్వాత అదే దారిన వెళ్తే అదే బుట్టలో మళ్లీ మునియాలు. అమ్మే మనిషి నన్ను గుర్తుపట్టి, "అమ్మా, ఇవి కూడా వదులుతారా? ఈసారి తగ్గించి ఇస్తాను" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. నేనిచ్చిన మూడు వందలతో ఎక్కడో ఒక వల మళ్లీ పరిచారు.

ఆ రోజు తీసిన ఫొటోను చాలా కాలం తర్వాత పక్షులు తెలిసిన ఒక స్నేహితుడికి చూపించాను. ఆరింటిలో ఒకటి పచ్చ మునియా అని ఆయనే చెప్పారు. మన దేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేని పిట్ట, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలోకి ఎక్కిన పిట్ట, నా చేతుల మీదుగా పిల్లి ఉన్న పార్కులోకి వెళ్లింది. అప్పటినుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటే. కొనవద్దు. ముద్దొచ్చినా కొనవద్దు, జాలేసినా కొనవద్దు. అమ్మేవాడి లెక్కలో జాలికిచ్చిన డబ్బు, సరదాకిచ్చిన డబ్బు ఒకే గల్లాపెట్టెలో పడతాయి.

ముందు పిట్టను గుర్తుపట్టండి

మన ఊళ్లలో జినువాయి అని పిలిచే చిన్న గింజతిండి పిట్టలకు ఇది దాయాది. పది సెంటీమీటర్లు ఉంటుంది. మగదాని వీపు ఆలివు పచ్చ, పొట్ట నిమ్మపండు పసుపు, ముక్కు లక్కతో చేసినట్టు ఎరుపు. అసలు గుర్తు పక్కల్లో ఉంది. రెక్క కింద, పొట్టకు రెండు వైపులా తెలుపు మీద నల్లటి అడ్డచారలు ఉంటాయి. ఆడదానిలో ఇవే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. పిల్లలు మాసిన గోధుమరంగులో ఉంటాయి, వాటి ముక్కు ఇంకా ఎర్రబడి ఉండదు.

చారలను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అంగట్లో మామూలు గోధుమరంగు జినువాయికి పచ్చరంగు పూసి అమ్మడం ఉంది. రంగు పూసిన పిట్టను దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. ముక్కు బూడిదరంగులోనే ఉంటుంది. పాదాల మీదికి, ముక్కు మొదట్లోకి రంగు పాకి ఉంటుంది. ఈకలు విడివిడిగా కాకుండా జుత్తుకు నూనె పెట్టినట్టు అతుక్కుని ఉంటాయి. ఒక్కోసారి నీళ్ల గిన్నె అంచుకు కూడా రంగు అంటి ఉంటుంది. పక్కన చారలు మాత్రం ఎవరూ గీయలేరు. అలాగని రంగు పూసినదైతే వదిలేయమని కాదు. ఆ జినువాయి కూడా అడవి పిట్టే, దాన్ని అమ్మడమూ నేరమే. ఫిర్యాదులో ఏ పిట్ట అన్నది సరిగ్గా రాయడానికి ఈ తేడా తెలియాలి.

దీని పేరులోనే దీని కష్టం ఉంది. శాస్త్రీయ నామం అమండవ ఫార్మోసా. అమండవ అన్న మాట అహ్మదాబాద్ నుంచి వచ్చింది. దీని దగ్గరి బంధువైన ఎర్ర మునియాలను ఒకప్పుడు ఆ నగరం నుంచి విదేశాలకు ఎగుమతి చేసేవారు, ఆ ఊరి పేరే నోరు తిరగక అలా మారి పిట్టకు అతుక్కుంది. పుట్టిన చోటు పేరు కాకుండా అమ్మిన చోటు పేరు మోస్తున్న జాతి ఇది. పచ్చ మునియా రాజస్థాన్ ఆబూ కొండ నుంచి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మీదుగా అక్కడక్కడా చెదురుగా బతుకుతోంది. పాత పక్షి గ్రంథాలు దీని పరిధిని ఉత్తరాంధ్ర వరకు చెప్పాయి. ఇది చెరకు తోటల్లో, ఎత్తయిన గడ్డిలో గూడు కడుతుంది, ఆ గూటికి చెరకాకులనే వాడుతుంది. మా అనకాపల్లి బెల్లానికి పేరుపడ్డ ఊరు. చిన్నప్పుడు మా చెరకు తోటల్లో ఎన్నో పిట్టలను చూశాను కానీ వాటిలో ఇది ఉందో లేదో చూసే కన్ను అప్పుడు నాకు లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అంగట్లో కనిపిస్తే

మొదటిసారి తెలిసి చూసినప్పుడు నేను చేసిన తప్పు అరవడం. "ఇది నేరం, జైలుకు పంపిస్తాను" అని నడివీధిలో గొంతు పెంచాను. అరగంటలో ఆ వరుసలో ఒక్క మునియా మిగలలేదు. అటవీ సిబ్బంది వచ్చేసరికి దుకాణాల్లో బోనుల నిండా విదేశీ లవ్‌బర్డ్స్, కోళ్లు. వచ్చినవాళ్లు నన్నే అనుమానంగా చూశారు.

కాబట్టి నెమ్మదిగా నడవండి. పంజరాల్లో పుట్టి పెరిగిన విదేశీ పక్షులు ముందు వరుసలో ఉంటాయి, వాటిని బాహాటంగానే అమ్ముతారు. మన అడవి పిట్టలు వాటి వెనక, కింద, గుడ్డ కప్పిన వెదురు బుట్టల్లో ఉంటాయి. ధర అడగండి, బేరం ఆడవద్దు. బేరం ఆడితే గిరాకీ ఉందనే అర్థం. గుర్తుపెట్టుకోవలసినవి కొన్నే: దుకాణం ఏ వీధిలో ఏ గుర్తుకు పక్కన ఉంది, ఎన్ని పిట్టలు, ఏ రంగువి, సమయం ఎంత. ఫొటో తీయగలిగితే పిట్టను పక్కనుంచి తీయండి, చారలు కనపడాలి. తీయలేకపోతే వదిలేయండి, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. అమ్మే మనిషి ముఖాన్ని వీడియో తీసి అందరికీ పంపించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. అధికారుల దాడికి ముందే వాళ్లందరికీ కబురు చేరుతుంది. పైగా ఈ వ్యాపారంలో బుట్ట పట్టుకుని కూర్చున్నవాడికి, వల వేసినవాడికి మిగిలేది చాలా తక్కువ. రాష్ట్రాలు దాటించే దళారులు వేరే ఉంటారు. వాళ్లను పట్టుకోగలిగేది అధికారులే, మన వీడియో కాదు.

ఒక వీధి అవతలికి వెళ్లి ఫోను చేయండి. అటవీ శాఖ రేంజ్ అధికారి నంబరు, మీ రాష్ట్ర అటవీ శాఖ సహాయ కేంద్రం నంబరు, కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో నంబరు ముందే మీ ఫోనులో దాచుకుని ఉండాలి. అంగట్లో నిలబడి వెతుక్కోవడం జరిగే పని కాదు. ఎవరూ ఎత్తకపోతే 112. నేను ఫోనులో ఇలా చెబుతాను:

"నమస్కారం. ఫలానా వీధిలో, ఫలానా మసీదు ఎదురు వరుసలో మూడో దుకాణంలో దాదాపు నలభై మునియాలు అమ్మకానికి ఉన్నాయి. వాటిలో కనీసం రెండు పచ్చ మునియాలు. పది నిమిషాల కిందట నా కళ్లతో చూశాను. ఫొటో ఉంది. బుట్టలు బల్ల కింద ఉన్నాయి. నా పేరు బయటకు రాకూడదు."

అంతే. కోపం, కన్నీళ్లు, ఉపన్యాసం ఏవీ వద్దు. వినేవాళ్లకు కావలసింది ఎక్కడ, ఏమిటి, ఎన్ని, ఎప్పుడు.

"చిన్న పిట్టలే కదమ్మా" అనే సమాధానం నాకు రెండుసార్లు వచ్చింది. దానికి చట్టమే జవాబు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పన్నడం, పట్టుకోవడం, పక్షి గూటినీ గుడ్లనూ చెదరగొట్టడం కూడా వేటే. అదే చట్టం 39వ సెక్షను ప్రకారం వేటాడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. మన దేశపు అడవి పక్షుల వ్యాపారం 1990ల మొదటినుంచి పూర్తి నిషేధంలో ఉంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని తర్వాత సాధారణ నేరానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జీవుల విషయంలో అయితే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. పచ్చ మునియాకు అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1997 నుంచి చోటుంది. ఇవి కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను. గొంతు పెంచకుండా చదివి వినిపిస్తే అవతలివారి మాట తీరు మారుతుంది.

నిషేధం ఉన్నంత మాత్రాన వ్యాపారం ఆగదని కూడా తెలిసి ఉండాలి. నిషేధం వచ్చాక పక్షి శాస్త్రవేత్త అబ్రార్ అహ్మద్ అంగళ్లు తిరిగి పరిశీలన చేశారు. మన దేశంలో కనిపించే దాదాపు 1300 పక్షి జాతుల్లో 450 వరకు వ్యాపారంలో ఉన్నట్టు ఆయన నమోదు చేశారు.

ఫోను చేసి ఊరుకోవద్దు. ఆ రోజే జిల్లా అటవీ అధికారికి ఒక ఉత్తరం రాయండి, తేదీ వేసి నకలు దాచుకోండి. వారం తర్వాత వెళ్లి అడగండి. నా మొదటి రెండు ఫిర్యాదులూ ఏమయ్యాయో తెలియలేదు. మూడోసారి ఉత్తరం నకలు చేతిలో పట్టుకుని కార్యాలయానికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. నాలుగో రోజు దాడి జరిగింది.

పిట్ట మీ చేతికే వస్తే

దాడి తర్వాత కావచ్చు, ఎవరో పక్కింటివారు భయపడి తెచ్చి ఇవ్వవచ్చు, పిట్ట మీ దగ్గరికి వచ్చిందనుకోండి. అట్టపెట్టెకు చిన్న రంధ్రాలు చేసి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, చీకటిగా, గోల లేనిచోట పెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూతలో కొంచెం నీరు, గుప్పెడు కొర్రలు చాలు. అన్నం, పాలు, బ్రెడ్డు వద్దు. ఒకటికన్నా ఎక్కువ ఉంటే విడదీయవద్దు. ఇవి ఒకదానికొకటి ఆనుకుని కూర్చునే పిట్టలు, ఒంటరిగా ఉంచితే కుంగిపోతాయి. తర్వాత వెంటనే అటవీ శాఖకు చెప్పండి. మీ దగ్గర ఉంచుకుంటే మంచి మనసుతో ఉంచుకున్నా అది నేరం కిందికే వస్తుంది.

మీరు వదలవద్దు. నేను పార్కులో చేసిన పని మళ్లీ ఎవరూ చేయకూడదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావాలి, అందుకు నెలలు పట్టవచ్చు. రోగం ఉందేమో పశువైద్యులు చూడాలి. కేసులో స్వాధీనం చేసుకున్న పిట్టలను కోర్టు అనుమతితోనే వదులుతారు. ఎక్కడ వదలాలన్నది అన్నిటికన్నా పెద్ద సంగతి. పచ్చ మునియా హైదరాబాద్ పిట్ట కాదు. ఒకప్పుడు పంజరాల నుంచి తప్పించుకున్న పచ్చ మునియాలు లాహోర్ దగ్గర కొంతకాలం గుంపుగా బతికాయి, అది వాటి సొంత నేల కాదు. దాన్ని తిరిగి చేర్చవలసింది దాని సొంత గడ్డి మైదానానికి, దాని సొంత గుంపు దగ్గరికి. అది మన చేతిలో పని కాదు.

ఫోనులో జరిగే అమ్మకం, రైల్లో జరిగే రవాణా

ఇప్పుడు అంగడి కన్నా ఫోనే పెద్ద అంగడి. గుంపుల్లో ఫొటో పెట్టి, "ఇంట్లో పుట్టినవే" అని రాస్తారు. ఆ మాట ఎవరు అన్నా నమ్మవద్దు. అలాంటి ప్రకటన కనిపిస్తే కింద తిట్టు రాయవద్దు, పదిమందికి పంపవద్దు. తేదీ, ఖాతా పేరు, గుంపు పేరు కనపడేలా తెరను ఫొటో తీసి నేర నియంత్రణ బ్యూరోకు పంపండి. తిట్టు రాసిన నిమిషంలో ప్రకటన మాయమవుతుంది, సాక్ష్యం దానితోనే పోతుంది.

రైల్లో అయితే సీటు కింద గుడ్డ చుట్టిన బల్లపరుపు వెదురు బుట్టలు చూడండి. సన్నటి, గాలిలో ఈల లాంటి కూతలు వినిపిస్తాయి. రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేసి రైలు నంబరు, బోగీ, వచ్చే స్టేషను చెప్పండి. బుట్టను మీరు ముట్టుకోవద్దు.

ఇక్కడే దసరా పాలపిట్ట సంగతి కూడా చెప్పాలి. పండగనాడు పాలపిట్టను చూడటం మన ఆచారం, నాకూ ఇష్టం. కానీ రెక్కలు కట్టేసి బోనులో పెట్టి వీధివీధికీ తెచ్చి చూపిస్తుంటే పది రూపాయలిచ్చి దండం పెట్టుకుంటున్నాం. ఆ పది రూపాయల కోసమే పండగకు ముందు దాన్ని పడతారు. మా ఇంట్లో పిల్లలను ఊరి బయటి పొలాల్లోకి తీసుకెళ్తాం. కరెంటు తీగ మీద కనిపించిన ఏడు కనిపించింది, లేని ఏడు లేదు. మునియాకు వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది.

ఆబూ కొండకు వెళ్లేవారికి

మన తెలుగువాళ్లు ఎందరో ఏటా ఆబూ కొండకు వెళ్తారు. బ్రహ్మకుమారీల ప్రధాన కేంద్రం అక్కడే ఉంది, దిల్వాడా జైన ఆలయాలు ఉన్నాయి. 2018 డిసెంబరులో మా అక్కకు తోడుగా నేను వెళ్లాను. పచ్చ మునియా స్వేచ్ఛగా ఉండటం నేను చూసింది అక్కడే. ఆ కొండకు వెళ్లేవారు ఈ పిట్టకు చేయగలిగిన సాయం చాలా ఉంది కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను.

గురుశిఖరానికి వెళ్లే దారిలో ఓరియా అనే ఊరు వస్తుంది. రాతిగోడల మధ్య చిన్నచిన్న గోధుమ చేలు, వాటి గట్ల మీద ఈతచెట్లు, లాంటానా పొదలు. పొద్దున్నే, ఎండ గోడమీదికి ఎక్కుతున్నప్పుడు వెళ్లండి. నేనూ మాకు దారి చూపించిన అబ్బాయీ ఒక గోడకు ఇరవై అడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పొదలోంచి ఒకటి, దాని వెనక తొమ్మిది వచ్చి గోడమీద వాలాయి. ఒక మగది గడ్డి కంకిని కాలికింద నొక్కిపట్టి ఒక్కో గింజా ఒలుచుకుని తిన్నది. తిన్నాక పక్కనున్నదాన్ని ఆనుకుని కూర్చుంది. అది దీని మెడ ఈకలు సరిచేసింది. అంగట్లో బుట్టలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నవి గుర్తొచ్చాయి. అక్కడ చోటు లేక ఆనుకుంటాయని అనుకున్నాను. చోటున్నా ఆనుకునే కూర్చుంటాయి.

అక్కడ చేయకూడనివి ముందు. ఫోనులో కూతను వినిపించి దగ్గరికి రప్పించవద్దు. ఫొటో కోసం నూకలు చల్లవద్దు. వల వేసేవాళ్లు దీమపు పిట్టతో (ఎరగా కట్టిన పిట్టతో), గింజతో చేసేది కూడా అదే. మనిషి దగ్గరికి వస్తే మేలని పిట్టకు అలవాటు చేస్తే ఆ అలవాటు వాళ్లకే పనికొస్తుంది. ఫొటో తీసుకుంటే తీసుకోండి కానీ ఏ గోడ, ఏ పొద అన్నది ఎక్కడా రాయవద్దు, ఫోను తనంతట తాను జతచేసే చోటు వివరాన్ని తీసేసి పంపండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్‌లో సున్నితమైన జాతుల చోటును దాచే పద్ధతి ఉంది, అందులో నమోదు చేస్తే శాస్త్రజ్ఞులకు పనికొస్తుంది, వలగాళ్లకు దొరకదు.

చేయవలసింది: ఊరివాళ్లను తోడు తీసుకోండి. బస చేసిన చోట కారు మాట్లాడుకునేటప్పుడే, "పచ్చ మునియా చూడాలి, తెలిసిన మనిషి కావాలి" అని అడగండి. హిందీలో హరీ మునియా అంటే చాలు. మీరు అడిగితే డ్రైవరు ఇంకొకరిని అడుగుతాడు, ఆ పేరు నలుగురి నోళ్లలో పడుతుంది. టీ కొట్టు దగ్గర కూడా ఆ పిట్టను చూడటానికే ఇంత దూరం వచ్చామని చెప్పండి. నాకు దారి చూపించిన అబ్బాయి తన పొలం గట్టున గడ్డిని, పొదను పూర్తిగా కొట్టకుండా ఒక వైపు వదిలేస్తున్నాడు. వచ్చినవాళ్లకు చూపించడానికి పిట్టలు ఉండాలి కదా అన్నాడు. పొద్దున రెండు గంటలు తోడు వచ్చినందుకు ముందే మాట్లాడుకుని డబ్బులివ్వండి. పిట్ట కనిపించని రోజు కూడా ఆ డబ్బు పూర్తిగా ఇవ్వండి. కనిపిస్తేనే ఇస్తామంటే, అతను పిట్టలను పొదలోంచి తరిమి చూపించవలసి వస్తుంది.